ఫ్లూ జ్వరంలో ఉన్న తల్లి పాలివ్వవచ్చా?

రెండు నెలల పాపకు పాలిస్తున్న మీకు ఫ్లూ సోకిందని, పాలు మాన్పించాలా అని అడిగారు. మాన్పించకండి. ఫ్లూ వ్యాపించేది పాల ద్వారా కాదు, దగ్గు తుంపరల వల్లనూ కడగని చేతుల వల్లనూ. పైగా ఆ వైరస్‌ను ఎదుర్కొనేందుకు మీ శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలు పాలలోకి చేరి బిడ్డకు కొంత రక్షణనిస్తాయి. అందువల్ల పాపను ఎత్తుకునే ముందు సబ్బుతో 20 సెకన్లపాటు చేతులు కడుక్కుని, మాస్కు ధరించి పాలివ్వండి. మరీ నీరసంగా ఉంటే పాలు పిండి, ఆరోగ్యంగా ఉన్నవారిచేత పట్టించండి. పిండకుండా వదిలేస్తే రొమ్ములు బిగుసుకుని నొప్పి పుట్టడమే కాక పాలూ తగ్గుతాయి. జ్వరానికి పారాసెటమాల్ తగిన మోతాదులో వాడవచ్చు. రొమ్ముపై హెర్పిస్ అనే మరో వైరస్ వల్ల వచ్చే పొక్కులుంటే మాత్రం సంగతి వేరు: అవి మానేదాకా ఆ వైపు పాలివ్వకూడదు. పాపకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే, ఈ వయసులో అది చిన్న విషయం కాదు కనుక, తెల్లవారేదాకా ఆగకుండా వైద్యుల వద్దకు తీసుకెళ్లండి.