పందెం గెలిచిన ఓడ ఏమైంది?

ప్రశ్న: ‘అమెరికాస్ కప్’ పడవ పందేలకు ఆ పేరు ఒక ఓడ నుంచి వచ్చిందని మా అల్లుడు అంటున్నాడు. నిజమేనా? ఆ ఓడకు అంత వేగం ఎలా వచ్చింది? ఇప్పుడు ఎక్కడుంది? మాది తరతరాలుగా చేపల వేట మీద బతికిన ఇల్లు, అందుకే అడుగుతున్నాను.
– ఒక పాఠకుడు, గోపాల్‌పూర్, గంజాం జిల్లా

జవాబు: మీ అల్లుడి మాట నిజం. 1851లో న్యూయార్క్‌లో జార్జ్ స్టీర్స్ రూపమిచ్చిన రెండు తెరచాప కొయ్యల ఓడ (స్కూనర్) పేరే ‘అమెరికా’. అప్పటి ఇంగ్లీషు పందెం పడవలకు అణియం (ముందు భాగం) ఉబ్బుగా, అమరం (వెనక భాగం) సన్నగా ఉండేవి. స్టీర్స్ అణియాన్ని కత్తిలా సన్నబరిచి, వెడల్పును నడిమికి జరిపాడు. తెరచాపలు యంత్రంపై నేసిన నూలు గుడ్డవి. అవి బిగువుగా నిలిచేవి. ఇంగ్లీషువారి అవిసెనార చాపలు వదులై ఉబ్బేవి, గాలి జారిపోకుండా వాటిపై నీళ్లు చల్లుకునేవారు. ఎదురుగాలిలో ఈ తేడా ఎంత పనిచేస్తుందో బరంపురంలో కుర్చీలో కూర్చున్న నేను మీకు చెప్పాలా!

ఆ ఏడాది ఆగస్టు 22న ఇంగ్లండు దగ్గరి ఐల్ ఆఫ్ వైట్ దీవిని చుట్టి వచ్చే 53 మైళ్ల పందెంలో అది లంగరు తీయడంలోనే వెనకబడి, అయినా అందరికంటే ముందు చేరింది. రెండోది ఏదని విక్టోరియా రాణి అడిగితే ‘రెండోది లేదు’ అన్నారని ఒక కథ ఉంది. ఆ కథంటే నాకు చిరాకు. రెండోది ఉంది: 47 టన్నుల ‘అరోరా’. 170 టన్నుల ‘అమెరికా’ తర్వాత నిమిషాల తేడాతోనే వచ్చింది. చిన్న పడవకు సమయంలో మినహాయింపు ఇచ్చే లెక్క ఆ పందెంలో లేదు. పైగా నాబ్ దీపనౌకను (దారి చూపే దీపంతో లంగరేసి ఉంచే ఓడను) బయటి నుంచి చుట్టాలని కొందరికిచ్చిన కాగితంలో ఉంది, ‘అమెరికా’కు ఇచ్చినదానిలో లేదు. అది లోపలి నుంచే వచ్చి దూరం కలిసొచ్చింది. ఫిర్యాదు లేచింది, సద్దుమణిగింది.

యజమానులు కొద్దిరోజుల్లోనే ఓడను ఒక ప్రభువుకు అమ్మేసి, పందెంలో గెలిచిన కప్పు మాత్రం పట్టుకెళ్లారు. ఓడ పేరే ఆ కప్పుకు వచ్చింది. దాన్ని 1857లో న్యూయార్క్ యాట్ క్లబ్‌కు ఇచ్చారు. 1983లో ‘ఆస్ట్రేలియా 2’ అనే పడవ గెలిచేదాకా అది వారి దగ్గరే ఉంది. ఓడకు అంత యోగం పట్టలేదు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాదివారు దాన్ని వాడుకుని, 1862లో ఫ్లోరిడాలో ముంచేశారు. ఉత్తరాదివారు పైకి తీసి రేవుల దిగ్బంధానికి పంపారు. 1870లో కప్పు పందేనికి దిగి నాలుగోదిగా వచ్చింది. చివరికి అమెరికాలోని అనాపొలిస్‌ నౌకాదళ అకాడమీకి చేరింది. 1942 మార్చిలో మంచు బరువుకు షెడ్డు కూలి దానిపై పడింది, 1945లో ముక్కలు చేసేశారు. మీ అల్లుడు ఫోనులో ఎక్కడైనా ‘అమెరికా’ రంగుల ఫొటో చూపిస్తే, అది 1967లోనో 1995లోనో కట్టిన నకలు.