హంతకుడి నోట యెహెజ్కేలు

ప్రశ్న: మా తెలుగు సంఘం యువజనుల కూడికలో 'పల్ప్ ఫిక్షన్' సినిమా మీద చర్చ పెట్టాలనుకుంటున్నాం. అందులో జూల్స్ అనే హంతకుడు కాల్చే ముందు యెహెజ్కేలు 25:17 అంటూ ఏదో పొడుగ్గా చదువుతాడు. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు బైబిళ్లు మూడూ తిరగేశాం, అంత వాక్యం ఎక్కడా లేదు. చివర్లో అతనిది నిజంగా మారుమనస్సేనా? చర్చ ఎలా నడపాలి?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీ బైబిళ్లు సరిగ్గానే ఉన్నాయి. అతను చదివేదాంట్లో చివరి రెండు వాక్యాలే ఆ వచనానికి దగ్గరగా ఉంటాయి. అదీ ఫిలిష్తీయుల మీద దేవుడు తీర్చుకునే పగ గురించి. మిగతాదంతా జపాన్ నటుడు సోనీ చిబా నటించిన ఒక పాత కరాటే సినిమా ఇంగ్లీషు ప్రతి నుంచి దర్శకుడు టరాంటినో తెచ్చుకున్నది.

1994లో వచ్చిన ఈ సినిమాలో కథ వరుసగా నడవదు. చర్చలు తప్పుదారి పట్టేది ఇక్కడే. చివరి సీన్లో హోటల్ నుంచి నడిచివెళ్లే విన్సెంట్ (జూల్స్‌తో కలిసి పనిచేసే హంతకుడు) అంతకుముందే చనిపోవడం మనం చూసేశాం. కాబట్టి ముందు బోర్డు మీద అసలు వరుస రాయండి: అపార్ట్‌మెంట్‌లో వీళ్లిద్దరికీ తూటాలు తగలకపోవడం, కారులో మార్విన్ అనే కుర్రాడి చావు, హోటల్, ఆ తర్వాత ఎప్పుడో విన్సెంట్ చావు. ఒకే అద్భుతం చూసిన ఇద్దరిలో ఒకడు ఆ పని మానేస్తానన్నాడు, రెండోవాడు కొట్టిపారేసి అదే పనిలో పోయాడు. బోర్డు చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది.

మారుమనస్సు సంగతికొస్తే, హోటల్ సీన్లో ఒప్పుకోలు గట్టిదే. నీతిమంతుణ్ణి నేనే అనుకున్నవాడు, ఆ వాక్యంలోని దుష్టుణ్ణి కూడా నేనేనంటాడు. తన పర్సులోని పదిహేను వందల డాలర్లు ఆ హోటల్‌ను దోచుకుంటున్న దొంగకిచ్చి, నిన్ను చంపకుండా ఉండటానికి నీ ప్రాణం కొంటున్నానంటాడు. విమోచన క్రయధనం గురించి మాట్లాడటానికి మార్కు 10:45 తెరిచి ఈ సీన్ పక్కన పెట్టండి. తేడా కూడా చెప్పించండి: ఇక్కడ పోయింది డబ్బు, అక్కడ ప్రాణం.

కానీ అందరూ దాటేసేది మార్విన్ చావు. అద్భుతం జరిగిపోయాక, విన్సెంట్ చేతిలో తుపాకీ పేలి ఆ కుర్రాడు చనిపోతాడు. జూల్స్ కంగారంతా నెత్తురు మరకల గురించి, కారు రోడ్డు మీద ఉందనీ! ఏడ్వడు. అపార్ట్‌మెంట్‌లో తాము చంపినవాళ్ల ఊసే ఎత్తడు. పైగా ఆ అపార్ట్‌మెంట్ నుంచి తెచ్చిన పెట్టెను తన యజమానికి అప్పగించి మరీ తప్పుకుంటానంటాడు. లూకా 19:8లో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా, జూల్స్ ఎవరికేం తిరిగిచ్చాడు? నా మట్టుకు అతను దారి మళ్లాడు, మారుమనస్సుకు తగిన ఫలం మాత్రం మనకు కనిపించదు. దీన్ని కాదనేవాళ్లు సిలువ మీది దొంగను ఎత్తుతారు, అతనికీ తిరిగిచ్చే వ్యవధి లేదని. ఎత్తనివ్వండి, అసలు చర్చ అక్కడే మొదలవుతుంది.

నడపడం: సినిమా 154 నిమిషాలు, కూడికలో వేయడం కుదరదు. ఓటీటీ చందా ఇంట్లో చూడటానికే; హాల్లో ప్రొజెక్టర్ మీద వేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. ఎవరికి వారు ఇంట్లో చూసి వస్తే ఆ తలనొప్పి లేదు. చర్చకు గంట చాలు.

ప్రశ్న: ఇంత హింస ఉన్న సినిమా విశ్వాసులు చూడొచ్చా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: న్యాయాధిపతులు 19 చదివినవాళ్లకు హింస కొత్త కాదు. అయినా ఇందులో మత్తుమందులూ, ఒక అత్యాచార సీనూ ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు వద్దు. మత్తు అలవాటు నుంచి బయటపడుతున్నవాళ్లు మీ గుంపులో ఉంటే సినిమానే మార్చండి. 1 కొరింథీయులు 8లో బలహీనుడైన సహోదరుడి గురించి పౌలు చెప్పింది ఇలాంటి చోటే పనికొస్తుంది.