దేవుడని రాయనక్కరలేదు

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. మా నాయన రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. జూన్ మూడో ఆదివారం, తండ్రుల దినోత్సవం నాడు, బంధువుల ముందు ఆయన మీద పద్యం చదవమని అన్నయ్య పట్టుబడుతున్నాడు. తమిళ అబ్బాయిని పెళ్ళి చేసుకున్నానని నాయన రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు రాకపోకలున్నా, ఆయన్ను దేవుడని రాయాలంటే చేయి రావడం లేదు. బడిలో తెలుగు లేని నాకు, డ్యూటీ దిగివచ్చి వేమన పద్యాలు నేర్పిందీ ఆయనే. ఏం చేయను?

జవాబు: అమ్మా, చేయి రాకపోవడం కృతఘ్నత కాదు. దేవుడు, మర్రిచెట్టు, ఆకాశం వంటి మాటలు ఏ తండ్రికైనా అతుకుతాయి కనుకనే మీ నాయనకు అతకడం లేదు. మీరు చివర యథాలాపంగా రాసిన సంగతి మాత్రం ఆయనొక్కరిదే. పని బట్టలైనా మార్చుకోకుండా కూర్చున్నారా, తప్పు చదివితే కసిరారా, మెచ్చుకుంటే ఏమనేవారు? గుర్తున్నంత వరకు ముందు వచనంలో రాసుకొని, అందులో ఒక్క దృశ్యాన్ని ఉంచుకోండి.

వేమన ఎక్కువగా వాడిన ఆటవెలది ఛందస్సే మీకూ తగినది; కందపద్యంలోలా అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావాలనే ప్రాస నియమం దీనికి లేదు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలూ రెండు ఇంద్రగణాలూ, రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి సూర్యగణాలూ వస్తాయి. గణమంటే పొట్టి, పొడుగు అక్షరాల చిన్న కూర్పు; పొట్టిదానికి ఒకటి, పొడుగుదానికి రెండు మాత్రలు లెక్కిస్తే సూర్యగణానికి మూడు, ఇంద్రగణానికి నాలుగు లేక ఐదు వస్తాయి. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు) గాని ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) గాని చూసుకోవాలి. ‘నాన్న’ సూర్యగణం కాబట్టి పద్యం దానితోనే ఎత్తుకోవచ్చు. మీరు పిలిచే ‘నాయన’ ఇంద్రగణం. అది పూర్తి గణంగా నిలవాలంటే బేసి పాదాల్లో నాలుగో, ఐదో చోటే దొరుకుతుంది. అయినా నేనైతే ఆ పిలుపునే ఉంచుతాను, జనకుడనీ పితృదేవుడనీ మార్చను. నాలుగే పాదాలు కాబట్టి అతిశయోక్తికి చోటూ ఉండదు.

ఇక ఆ రెండేళ్ళ మౌనం. దానిని పద్యంతో కప్పిపెట్టవద్దు, బంధువుల ముందు విప్పనూ వద్దు. అది మీరిద్దరే కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం, అందుకు పండుగ రోజు తగదు. మీ అన్నయ్యకు మాత్రం, పొగడ్త కావాలంటే తానే రాసుకొమ్మని నెమ్మదిగా చెప్పండి.

ఆదివారానికి ముందే ఒక సాయంత్రం పద్యాన్ని నాయనకు ఒంటరిగా వినిపించండి. గణం తప్పితే ఆయన చెవే పట్టుకుంటుంది, దిద్దనివ్వండి. పదిమందిలో వద్దంటే, చదవకండి. సరేనంటే, పద్యం చదివాక దాని భావాన్ని మీ భర్త కోసం తమిళంలోనూ చెప్పవచ్చా అని అప్పుడే అడగండి.