డర్హమ్ కథీడ్రల్‌ను రైలు కిటికీలోంచి ఫోటో తీయబోయే నీకు

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

లండన్ నుంచి న్యూకాజిల్ వెళ్లేటప్పుడు, ఉత్తర ఇంగ్లండులోని పెద్ద చర్చి అయిన డర్హమ్ కథీడ్రల్‌ను రైల్లోంచే ఫోటో తీయాలని ఉందని నీవు రాసినందుకు చాలా సంతోషించాను. ఆ దారిలో అనేకసార్లు ప్రయాణించాను కనుక నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

టికెట్టు తీసుకునేటప్పుడే, రైలు వెళ్లే దిక్కుకు కుడివైపున ఉండే కిటికీ సీటు ఎంచుకో. మొదటిసారి నేను ఎడమవైపు కూర్చుని, అవతలి వరుసవారి తలల మీదుగా గోపురాల కొసలు మాత్రమే చూడగలిగాను. మధ్యాహ్నం దాటాక డర్హమ్ చేరే రైలైతే మేలు. రైల్లోంచి మనకు కనిపించేది కథీడ్రల్ పడమటి ముఖం. ఉదయం పూట సూర్యుడు దాని వెనుక ఉంటాడు కాబట్టి కట్టడమంతా నల్లటి నీడలా పడుతుంది. డిసెంబరులో అక్కడ నాలుగు గంటలలోపే పొద్దు గూకుతుందని కూడా గుర్తుంచుకో.

డర్హమ్ కంటే ముందు వచ్చే డార్లింగ్టన్ స్టేషను దాటగానే కెమెరా సిద్ధం చేసుకో. షటర్ వేగం సెకనులో వెయ్యోవంతుకు తగ్గనీయకు. ఆటో ఫోకస్‌ను వదిలిపెడితే అది అద్దం మీది మరకను పట్టుకుని కూర్చుంటుంది కనుక, ముందే దూరపు చెట్టు మీద ఫోకస్ చేసి ఆపెయ్యి. లెన్సును అద్దానికి దాదాపు ఆనించి, చుట్టూ నల్లటి శాలువా కప్పితే లోపలి దీపాల ప్రతిబింబాలు పడవు. గట్టిగా అదిమితే మాత్రం అద్దం అదురు కెమెరాకు పాకుతుంది. పోలరైజర్ (మెరుపులు తగ్గించడానికి లెన్సు ముందు తగిలించే ఫిల్టరు) ఉంటే తీసెయ్యి, రైలు అద్దంలోంచి అది రంగురంగుల మచ్చలు చూపిస్తుంది.

1857లో కట్టిన ఎత్తైన వంతెన మీదికి రైలు రాగానే, ఊరి ఇళ్ల కప్పులకు అవతల గుట్ట మీద ఎడమన కోట, కుడిన కథీడ్రల్ ఒక్కసారిగా కనిపిస్తాయి. ఉన్నవి కొద్ది క్షణాలే కనుక వరుసగా తీస్తూనే ఉండు. 1093లో మొదలుపెట్టిన ఆ కట్టడంలో 66 మీటర్ల నడిమి గోపురం కళ్లను లాగేస్తుంది, అయినా జూమ్ చేసి దాన్నొక్కదాన్నే తీయవద్దని నా మనవి. వేర్ నది ఒడ్డున నిలబడితే గోపురాలు అందరికీ దొరుకుతాయి; కింద ఊరు ఒదిగి ఉండగా పైన కథీడ్రల్ నిలబడిన ఆ దృశ్యం మాత్రం వంతెన ఎత్తువల్లే రైలు ప్రయాణికులకు దక్కుతుంది.

మబ్బు పట్టి ఫోటో కుదరకపోతే దిగులు పడకు. తిరుగు ప్రయాణంలో ఎడమవైపు కూర్చో. డర్హమ్‌లో ఆగే రైలైతే స్టేషను వదలగానే, ఇంకా వేగం పుంజుకోకముందే వంతెన వస్తుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న