కుట్టిన చేతికి కూలీ ఎక్కడ?

ప్రశ్న: హైదరాబాద్ మల్కాజిగిరిలో ఉంటాను. వయసు 36. ఐదేళ్లుగా తోలు హ్యాండ్‌బ్యాగులు చేత్తో కుట్టి అమ్ముతున్నాను. నెలకు 12 బ్యాగులు తయారవుతాయి. ఒక్కొక్కటి 4,500 రూపాయలు. ఏడు నేరుగా కొనేవారికి వెళ్తాయి. మిగిలిన ఐదు బొటిక్‌లలో అమ్ముడవుతాయి, వాళ్లు 35 శాతం తీసుకుంటారు. నా లెక్క ప్రకారం నెలకు 22,000 మిగలాలి, చేతిలో మాత్రం అంత ఎప్పుడూ కనిపించదు. ఒక బొటిక్ నుంచి 1,17,000 రావాలి, ఎనిమిది నెలలైంది. బంజారాహిల్స్ వైపు చిన్న షాపు, ఒక కుట్టు మిషను, తోలు అంచులు పలుచన చేసే మిషను ఉంటే నిలదొక్కుకుంటానని ఆశ. 14 శాతం వడ్డీకి 6 లక్షల బ్యాంకు రుణం తీసుకోవాలా, నగలు కుదువ పెట్టాలా? మావారి జీతం 34,000. పాపకు ఏడేళ్లు. ఈమధ్య కుడి మణికట్టు నొప్పి కూడా మొదలైంది.

జవాబు: రెండూ వద్దమ్మా. కనీసం ఈ ఏడాదికి వద్దు. మీరు పంపిన నోటు పుస్తకం పేజీలన్నీ ముందు పెట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను. మీకు కొరత షాపు కాదు, మిషనూ కాదు. మీరు పెట్టిన ధరలో మీ కూలీ లేదు. ఆ ధరతో ఎంత పెద్ద షాపు తెరిచినా ఇదే కష్టం ఇంకా పెద్దదవుతుంది.

పెద్ద బ్యాగుకు మీరు రాసుకున్న ఖర్చు ఇది: ఆరు చదరపు అడుగుల తోలు, అడుగు 160 చొప్పున 960. అస్తరు, జిప్పు, బకిళ్లు, మైనం దారం, అంచు రంగు కలిపి 420. మొత్తం 1,380. కానీ తోలు బట్టలా తానులో రాదు కదా. పశువు బతికున్నప్పుడు గీసుకున్న ముళ్ల గాట్లు, పురుగు కాట్ల మచ్చలు, పొట్ట దగ్గర వదులుగా సాగే భాగం, వీటన్నిటికీ మీరు చదరపు అడుగుల లెక్కనే డబ్బు కడతారు. మీ కొనుగోలు బిల్లులను, తయారైన బ్యాగుల సంఖ్యను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కో బ్యాగుకు ఎనిమిది అడుగులు పోతోంది. అంటే 960 కాదు, 1,280. డబ్బా, గుడ్డ సంచి, కొరియర్ 230. గది అద్దె, కరెంటు నెలకు 7,500. దాన్ని 12 బ్యాగులకు పంచితే 625. ప్రదర్శనల్లో స్టాలు, ఫొటోలు, ఫోను నెలకు సగటున 3,000, బ్యాగుకు 250. తిరిగొచ్చిన వాటికి, ఉచితంగా చేసిచ్చే మరమ్మతులకు 100. అన్నీ కలిపితే 2,905.

అంటే నేరుగా అమ్మిన బ్యాగు మీద మీకు 1,595 మిగులుతోంది. బొటిక్‌లో అమ్మిన దాని మీద వాళ్ల వాటా 1,575 పోగా మిగిలేది 20 రూపాయలు. నేను రెండుసార్లు కూడి చూశాను. అచ్చు పెట్టి కోసి, అంచులు పలుచన చేసి, ఆరెతో బెజ్జం వెనక బెజ్జం పొడిచి, రెండు సూదులతో కుట్టి, మూత మీద తీగల నగిషీ దిద్దిన పనికి దక్కింది ఇరవై రూపాయలు! నెలకు మీకు నిజంగా మిగులుతున్నది 22,000 కాదు, 11,265. మీరు కోరుకున్న 6 లక్షలకు ఐదేళ్ల వాయిదా నెలకు దాదాపు 13,960 పడుతుంది. ఆదాయం కన్నా వాయిదా పెద్దదైన అప్పు అది. షాపు అద్దె ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

ఇక ధర. కోతకు, కుట్టుకు తొమ్మిది గంటలు, సరుకు తేవడానికి, ఫొటోలు తీసి కొనేవారికి జవాబులు ఇవ్వడానికి రెండు గంటలు పడుతున్నాయని రాశారు. పదకొండు గంటలకు గంటకు 250 చొప్పున కూలీ వేసుకుంటే 2,750. ఐదేళ్ల అనుభవం ఉన్న చేతికి అది ఎక్కువ కాదు. ఖర్చుకు కలిపితే 5,655. కాస్త గుండ్రంగా చూసినా మీ బ్యాగు ధర 5,600 కావాలి. కొనేవారు పారిపోతారని మీ భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కొందరు తప్పకుండా తగ్గుతారు. అయితే ఈ లెక్క చూడండి. బొటిక్‌లు మానేసి, నేరుగా నెలకు పది బ్యాగులే 5,600కు అమ్మితే, అద్దె, స్టాళ్ల ఖర్చు తగ్గకపోయినా, అన్నీ పోను 25,200 మిగులుతుంది. ఎనిమిదే పోయినా 18,060. ఇప్పుడు పన్నెండు కుట్టి తెచ్చుకుంటున్న దానికన్నా అది దాదాపు 6,800 ఎక్కువ, పైగా 44 గంటల పని తక్కువ. మణికట్టు నొప్పి ఉన్న మనిషికి ఆ గంటలే పెద్ద ఆస్తి. పాత కొనుగోలుదారులకు నెల ముందే కబురు పెట్టండి, అప్పటికే ఒప్పుకున్న ఆర్డర్లను పాత ధరకే ఇవ్వండి. ధర పెంచినందుకు క్షమాపణ మాత్రం చెప్పకండి.

బొటిక్‌లతో పూర్తిగా తెంచుకోమని కాదు. అమ్ముడయ్యాక డబ్బు అనే పద్ధతి మానేసి, సరుకు అప్పుడే కొనుక్కునేవారికి 25 శాతం తగ్గించి ఇవ్వండి. కొత్త ధర మీద అలా ఇచ్చినా 1,295 మిగులుతుంది.

ఆగిపోయిన 1,17,000 గురించి. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, లేదన్నారు. ఈ వారమే ప్రభుత్వ పోర్టల్‌లో చేయించుకోండి. ఆధార్, పాన్ చాలు, రుసుము ఏమీ లేదు, కాబట్టి డబ్బు అడిగే మధ్యవర్తుల దగ్గరకు వెళ్లకండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం మీలాంటి తయారీదారుకు కొన్నవారు సరుకు అందుకున్న 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. రాతపూర్వక ఒప్పందం ఉంటే దాన్ని 45 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువు దాటిన బకాయిని కొనుగోలుదారు తన ఆదాయ పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవాలంటే అది నిజంగా చెల్లించిన ఏడాదిలోనే కుదురుతుంది. ఈ మాట బొటిక్ ఆడిటర్‌కు బాగా తెలుసు, అందుకే మీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించమంటున్నాను. అయితే రెండు చిక్కులున్నాయి. ఈ రక్షణ రిజిస్ట్రేషన్ తర్వాత ఇచ్చిన సరుకుకే పనికొస్తుంది, పాత బాకీకి కాదు. అమ్ముడయ్యాక డబ్బు అనే ఒప్పందంలో సరుకు ఎప్పుడు అమ్ముడైందో వాళ్లు చెబితే గాని తేలదు. కాబట్టి ముందు ఆ బొటిక్‌కు వెళ్లి మీ బ్యాగులు ఎన్ని మిగిలాయో లెక్కించి, సంతకం పెట్టించుకుని, మిగిలినవి వెనక్కి తెచ్చుకోండి. పోయినవాటి మొత్తానికి తేదీ వేసిన కాగితం తీసుకోండి. వాయిదాల్లో ఇస్తామన్నా ఒప్పుకోండి. మొహమాటం వద్దు, అది మీ సొమ్ము.

మిషన్ల విషయానికొస్తే, కుట్టు మిషను ఇప్పుడు వద్దు. చేతి కుట్టే మీ సరుకుకు గుర్తింపు. అంచులు పలుచన చేసే మిషను మాత్రం వేరు. దాని ధర 38,000 అని రాశారు. రంపెతో, అంటే తోలు చెక్కే కత్తితో, ఆ పనికి బ్యాగుకు గంటన్నర పడుతోంది, మణికట్టును ఎక్కువగా తినేది కూడా ఆ పనే. కొత్త ధరతో ఆరు నెలలు గడిచాక, అమ్మకాలు నిలబడితే కొనండి. అప్పుడు కావలసింది 6 లక్షలు కాదు. చిన్న వ్యాపారాలకు రుణమిచ్చే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 దాకా హామీ లేకుండా ఇస్తారు, అది చాలు. చేతివృత్తుల వారికి కేంద్రం రుణమిచ్చే పీఎం విశ్వకర్మ పథకం గురించి కూడా అడిగారు. 5 శాతం వడ్డీ మంచిదే గాని, దానిలోని 18 వృత్తుల్లో తోలు పనివారిగా చేర్చింది చెప్పులు, బూట్లు కుట్టేవారిని. దాని మీద ఆశ పెట్టుకుని ప్రణాళిక వేసుకోవద్దు.

షాపు మోజు నాకు అర్థమవుతుంది. పేరు రాసిన బోర్డు కింద కూర్చోవాలని ఎవరికి ఉండదు? కానీ బంజారాహిల్స్‌లో షాపు తెరిస్తే మీరు అందులో కూర్చోవాలి, అప్పుడు బ్యాగు కుట్టేదెవరు? జనవరి 1న నాంపల్లిలో మొదలయ్యే నుమాయిష్‌లో ఇంకొక చేతిపని వారితో కలిసి స్టాలు పంచుకోవడమో, శిల్పారామంలో కొన్ని రోజులు కూర్చోవడమో చేసి, కొత్త ధరకు ఎంతమంది ఆగుతారో చూడండి. షాపు ఆలోచన ఆ తర్వాత.

చెన్నై పెరియమేట్ నుంచి ఒకేసారి 70,000 రూపాయల తోలు తెచ్చి అటక మీద పెట్టారన్న మాట చదివి బాధపడ్డాను. తీగల పని దిగాలంటే తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటితో పదును చేసిన తోలే కావాలి, అది తెలుసు. ఒక్కో విడతకు రంగు మారుతుంది కాబట్టి ఒక నమూనాకు సరిపడా ఒకేసారి కొనడంలోనూ న్యాయముంది. అంతకు మించి వద్దు. అటువంటి తోలుకు వానాకాలపు తేమ తగిలితే బూజు పడుతుంది, మచ్చ దిగితే పోదు. మీ పనికి రెండు నెలల తోలు దాదాపు 31,000 రూపాయలది. మిగతా డబ్బు బ్యాంకులో ఉండాలి. ఉన్న ముక్కలతో కార్డుల పర్సులు, తాళం చెవుల పట్టీలు కుట్టండి. నెలకు 24 అడుగుల తోలు ముక్కల కింద పోతోంది, అంటే 3,840 రూపాయలు. అందులో సగం పనికొచ్చినా మేలే.

బెంగళూరుకు బ్యాగు పంపుతున్నారు కాబట్టి జీఎస్టీ తప్పనిసరి అని ఎవరో చెప్పారట. తెలంగాణలో సరుకు అమ్మేవారికి పరిమితి ఏడాదికి 20 లక్షలు, మీ అమ్మకాలు 6.48 లక్షలు. రాష్ట్రం దాటిస్తే మామూలుగా రిజిస్ట్రేషన్ కావాలి గాని, హస్తకళా వస్తువులకు ఆ 20 లక్షల లోపు మినహాయింపు ఉంది. ఆ జాబితాలో తోలు బ్యాగులు, పర్సులు ఉన్నాయి. పాన్ ఉండాలి, సరుకుతో ఈ-వే బిల్లు, అంటే రవాణా పత్రం, వెళ్లాలి. ఒక మెలిక మాత్రం ఉంది: చేత్తో కుట్టినంత మాత్రాన హస్తకళ అనిపించుకోదు, చెప్పుకోదగ్గ అలంకార పని కూడా ఉండాలి. మీ ఫొటోల్లోని తీగల బ్యాగులకు ఇబ్బంది ఉండదనిపిస్తోంది. ఏ పనీ లేని సాదా బ్యాగుల సంగతి ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌కు చూపించి, ఆ తర్వాతే పంపండి. ఆదాయ పన్ను కట్టే స్థాయి మీకు లేదు, అయినా ఏటా రిటర్ను వేయండి. రేపు బ్యాంకు అడిగే మొదటి కాగితం అదే.

మీరు వేస్తున్నానని రాసిన చీటీలో మిగిలిన తొమ్మిది నెలలూ కట్టండి, తొందరపడి పాడుకోవద్దు. చివరకు వచ్చిన మొత్తాన్ని షాపు అడ్వాన్సుకు కాకుండా ఇంటి ఖర్చు, గది అద్దె ఆరు నెలలకు సరిపడే నిధిగా పెట్టండి. నగలు బీరువాలోనే ఉండనివ్వండి. పాపకు పదేళ్లు నిండేలోపు సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు, ఏడాదికి కనీసం 250 కడితే చాలు.

ఆ నిధి ఎందుకంటున్నానో చెబుతాను. వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి, తాత్కాలికంగా పని చేయలేని వారాలకు కూడా డబ్బిచ్చే పాలసీ చూసి మరీ తీసుకోండి. అయినా రంపె తగిలి వేలికి గాయమైతే అది ప్రమాదం, ఏళ్ల తరబడి ఆరె తిప్పి మణికట్టు నరం నొక్కుకుపోతే బీమా దృష్టిలో అది ప్రమాదం కాదు. ఆ వారాలకు మీ దగ్గరున్న డబ్బే ఆసరా. మీవారి కంపెనీ పాలసీలో మీ పేరు ఉందన్నారు, కీళ్లు, నరాల చికిత్సకు ఏ షరతులున్నాయో ఆయనచేత ఈ నెలలోనే అడిగించండి. నొప్పి మొదలై మూడు వారాలైందని చివర్లో చిన్న అక్షరాలతో రాశారు. ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లకుండా ఒప్పుకున్న రెండు ఆర్డర్లు పూర్తి చేద్దామనుకోవద్దు. రెండు బ్యాగులు ఆలస్యమవుతాయని ఈ రోజే ఆ ఇద్దరికీ ఫోను చేసి చెప్పండి.