ఎనిమిది వారాల లెక్క

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. పిల్లల బైపోలార్‌కి (మేనియా అనే విపరీతమైన ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బుకి) సరైన మందు రిస్పెరిడోనే అని తేలిపోయిందని మొదటి వాక్యంలోనే రాసేశావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్.

నువ్వు పట్టుకున్నది 2012లో అమెరికాలో వెలువడిన టీమ్ అధ్యయనం. ఆరు నుంచి పదిహేనేళ్ల వయసు పిల్లలు 279 మంది. రిస్పెరిడోన్, లిథియం, డైవాల్‌ప్రోయెక్స్ అనే మూడు మందుల్లో ఏదో ఒకటి ఎనిమిది వారాలు ఇచ్చారు. గుణం కనిపించింది వరసగా 68.5, 35.6, 24 శాతం మందిలో. అంకెలు సరిగ్గానే ఎత్తి రాశావు. రిస్పెరిడోన్ వాడినవాళ్లకి బరువూ, ప్రొలాక్టిన్ అనే పాలు పట్టించే హార్మోనూ ఎక్కువ పెరిగాయని కూడా ఆ పేపర్లోనే ఉందిగా, దాన్ని చివర్లో ఒక్క ముక్కతో సరిపెట్టావేం? పదమూడేళ్ల పిల్లకి రెండు నెలల్లో బట్టలు బిగుతైపోతే మాత్ర మింగినట్టు నటించి పారేస్తుంది. దాన్ని అంకెల పక్కనే పెట్టాలి.

లిథియం ఓడిపోయిందనీ రాశావు. 2015లో ఏడు నుంచి పదిహేడేళ్ల వాళ్ల మీద ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన ట్రయల్‌లో లిథియమే మేనియాని బాగా తగ్గించింది.

'గుణం' అన్నచోట కాస్త ఆగు. చాలా ట్రయల్స్‌లో మేనియా తీవ్రతని కొలవడానికి యంగ్ మేనియా స్కేల్ వాడతారు. పదకొండు అంశాలు, మొత్తం 60 మార్కులు, ఎక్కువొస్తే జబ్బు ఎక్కువని. కనీసం 20 ఉంటేనే ట్రయల్‌లో చేర్చుకోవడం మామూలు, సగానికి తగ్గితే గుణమొచ్చినట్టు లెక్క. అంటే 44 నుంచి 22కి దిగిన పిల్లాడు బాగుపడ్డవాళ్ల ఖాతాలో పడతాడు. వాణ్ణి మర్నాడు అదే ట్రయల్‌కి మళ్లీ తీసుకెళ్తే చేర్చుకుంటారు కూడా! ఇలాంటివి పాఠకుడికి చూపించు.

ఇంకోటి, ఆ 279 మందిలో ఎక్కువమందికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని, అతిచురుకుదనపు సమస్య) కూడా ఉంది. కుదురులేకపోవడం, ఆగని మాటలు ఏడీహెచ్‌డీలోనూ మేనియాలోనూ ఉంటాయి, అందుకే ఒకదాన్ని ఇంకోటనుకోవచ్చు. 1994-95 నుంచి 2002-03కి అమెరికాలో పిల్లలకి బైపోలార్ అని రాసిన ఔట్‌పేషెంట్ విజిట్లు దాదాపు 40 రెట్లయ్యాయి. జబ్బు అంతలా పెరిగిందంటే నేను నమ్మను, చీటీ రాసే చెయ్యి మారింది. నిత్యం చిరాకుగా ఉండే పిల్లల కోసం 2013లో డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం) డీఎండీడీ అని వేరే నిర్ధారణ తెచ్చింది కూడా ఈ గొడవ మూలానే. కాబట్టి ఏ మందు అని అడిగే ముందు, ఏ పిల్లల మీద అని అడుగు.

నీ వ్యాసంలో రాసిన మందుల మోతాదులు మాత్రం తీసెయ్, వాటిని చూసి ఇంట్లోనే మందులు మార్చేస్తారు. చదివిన తల్లి ఎవరైనా రాత్రికి రాత్రి లిథియం ఆపేస్తే మేనియా తిరగబెట్టొచ్చు. తిరగరాసి పంపు, చూస్తాను.