కంటి కింద వాపు.. జబ్బు మాత్రం పంట్లో!

ప్రశ్న: మా పామరేనియన్ కుక్క చిన్నుకి 9 ఏళ్లు. బరువు 5 కిలోలు. ఏడాదిగా నోరు భరించలేనంత కంపు కొడుతోంది. డాక్టరుగారు రెండుసార్లు యాంటీబయాటిక్ ఇచ్చారు. వాడినన్నాళ్లు తగ్గడం, ఆపగానే మళ్లీ మామూలే. వారం రోజులుగా కుడి కంటి కింద వాచింది. తరచూ తుమ్ముతున్నాడు, తుమ్మినప్పుడు ఎడమ ముక్కులోంచి రక్తపు చార పడుతోంది. బిస్కెట్ నోట్లో పెట్టుకుని వదిలేస్తున్నాడు, పెరుగన్నం మాత్రం తింటున్నాడు. మత్తు ఇచ్చి చాలా పళ్లు తీసేయాలంటున్నారు. ఈ వయసులో తట్టుకుంటాడా? పళ్లు లేకపోతే ఏం తింటాడు? మత్తు లేకుండానే క్లీన్ చేస్తామని గ్రూమింగ్ వాళ్లు చెబుతున్నారు, అది చేయించొచ్చా? ఇంట్లో 6 నెలల కుక్కపిల్ల ఇంకొకటి ఉంది. దానికీ ఇలాగే అవుతుందేమోనని భయంగా ఉంది.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పెరుగన్నం తింటున్నాడు కదా, నొప్పి పెద్దగా లేదేమో అనుకోకండి. కుక్క మనలా దవడ పట్టుకుని కూర్చోదు. ఆకలేస్తే నొప్పితోనే తింటుంది, నమలకుండా మింగేస్తుంది. బిస్కెట్ వదిలేస్తున్నాడని రాశారు చూడండి, అదే వాడి మూలుగు.

కంటి కింద వాపు చూసి చాలామంది ఏదో పురుగు కుట్టిందనుకుని కంట్లో చుక్కలు వేస్తుంటారు. అసలు సంగతి వేరు. కుక్కకు పై దవడలో మాంసం కోసే పెద్ద పన్ను ఒకటి ఉంటుంది. దానికి మూడు వేర్లు. ఆ వేర్ల కొసలు సరిగ్గా కంటి కిందికి వస్తాయి. అక్కడ చీము పడితే వాపు బయటికి అలా కనిపిస్తుంది. ఎడమ ముక్కులోంచి రక్తం వస్తోందంటే ఆ పక్క కోరపన్ను మీద నాకు అనుమానం. కోరపన్ను పైకి కనిపించేదాని కన్నా లోపల ఉన్న వేరు పొడుగే ఎక్కువ. ఆ వేరుకీ ముక్కుకీ మధ్య ఎముక చాలా పల్చన. అది కరిగిపోతే నోటికీ ముక్కుకీ మధ్య దారి పడుతుంది, తిన్నది, తాగినది ముక్కులోకి వెళ్లి తుమ్ములొస్తాయి. ముక్కులో గడ్డ ఉన్నా ఇలాగే రక్తం రావచ్చు కాబట్టి చూడకుండా ఇదేనని తేల్చి చెప్పలేను. కానీ ఆ నోటి కంపు, ఆ వాపు కలిపి చూస్తే చిన్నుది బాగా ముదిరిన చిగుళ్ల జబ్బనే అనిపిస్తోంది.

ఇంతదాకా ఎలా వచ్చిందంటారా? జర్మన్ షెపర్డ్ నోట్లో ఉండేవీ 42 పళ్లే, చిన్ను నోట్లో ఉండేవీ 42 పళ్లే. ఆ చిన్న దవడలో అన్ని పళ్లు ఇరుక్కుని ఉంటే సందుల్లో పాచి పేరుకోదా! శుభ్రం చేయని పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గార అవడం మొదలవుతుంది. కుక్కలకు మనలాంటి పుచ్చు పళ్లు తక్కువ, గార మాత్రం ఎక్కువ. ఆ గార చిగురు కిందికి పాకి, అక్కడి సూక్ష్మజీవుల మీద ఒంట్లో జరిగే పోరులో పంటిని పట్టి ఉంచే ఎముకే కరిగిపోతుంది. చిగురు ఎర్రబడినంత వరకే ఉంటే శుభ్రం చేస్తే మామూలవుతుంది. ఒకసారి కరిగిన ఎముక మాత్రం దానంతటది తిరిగి రాదు.

యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ముల్లు కాల్లోనే ఉంచి పైన కట్టు కడితే ఏమవుతుంది? మీ డాక్టరుగారు మందివ్వడం తప్పు కాదు, సర్జరీకి ముందు వాపు తగ్గించడానికి నేనూ కొన్నిసార్లు ఇస్తాను. కానీ మూడోసారి, నాలుగోసారి అదే కోర్సు వాడటం వల్ల ఒరిగేదేమీ లేదు.

గ్రూమింగ్ వాళ్ల క్లీనింగ్ వద్దు. ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నా. మెలకువగా ఉన్న కుక్కకు చిగురు కింద ఎవరూ శుభ్రం చేయలేరు, జబ్బు ఉన్నదేమో అక్కడే. పైన కనిపించే గార గీకేస్తే పళ్లు తెల్లగా మెరుస్తాయి, మీరు తృప్తి పడతారు, లోపల చీము అలాగే ఉంటుంది. పునాదికి చెద పడితే గోడకు సున్నం వేసినట్టు. పైగా కదులుతున్న పళ్లున్న దవడను గట్టిగా అదిమి పట్టుకుంటే, చిన్న జాతుల్లో కింది దవడ ఎముక విరిగే ప్రమాదం కూడా ఉంది.

ఇక మత్తు సంగతి. అసలు ప్రమాదమే ఉండదని నేను చెప్పను. అయితే 9 ఏళ్లనేది వయసే, జబ్బు కాదు. చూడాల్సింది గుండె, కిడ్నీలు, లివర్ ఎలా ఉన్నాయన్నది. ముందు రక్త పరీక్షలు చేయించండి. గుండె చప్పుడులో తేడా వినిపిస్తే ఛాతీ ఎక్స్‌రే, వీలైతే ఎకో తీయిస్తారు. చిన్న జాతుల్లో వయసు మీద పడ్డాక గుండె కవాటం లీకవడం, శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోవడం మామూలే. వాడు దగ్గుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. మీరు ఆసుపత్రిలో మూడు విషయాలు అడగాలి. గొంతులో ట్యూబు వేస్తారా? అది లేకపోతే క్లీనింగ్ నీళ్లు, చీము ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పళ్లు తీసే డాక్టర్ కాకుండా మత్తు చూసుకోవడానికి ఇంకొకరు ఉంటారా? పళ్లకు ఎక్స్‌రే తీస్తారా? పన్ను సగానికి పైగా చిగురు కిందే ఉంటుంది కాబట్టి ఎక్స్‌రే లేకుండా ఏది ఉంచాలో ఏది తీయాలో తేల్చడం కష్టం. గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు మరీ దూరం కాదు. వెళ్లేముందు ఫోన్ చేసి ఇవన్నీ కనుక్కోండి.

మత్తిచ్చాక ఒక్కో పంటి చుట్టూ సన్నటి కొలత పుల్లతో చిగురు ఎంత లోతుకు ఊడిందో చూస్తారు. చుట్టూ ఉన్న ఎముక సగానికి పైగా కరిగిపోయిన పన్నును సాధారణంగా తీసేయడమే మేలు. గట్టిగా ఉన్నవాటికి గార తీసి పాలిష్ చేస్తారు. రెండు మూడు వేర్లున్న పన్నును ఒక్కసారిగా లాగరు, డ్రిల్‌తో ముక్కలు చేసి ఒక్కో వేరూ విడిగా తీస్తారు. తొందరపడి లాగితే వేరు లోపలే విరిగిపోతుంది, లేదా దవడే విరుగుతుంది. ముక్కులోకి దారి పడి ఉంటే చిగురును జరిపి కరిగిపోయే దారంతో కుట్టి మూసేస్తారు. మొద్దుబారే ఇంజెక్షన్ కూడా ఇస్తారు కాబట్టి లేచేసరికి నొప్పి తక్కువగా ఉంటుంది. తీయాల్సినవి మరీ ఎక్కువైతే రెండు విడతలుగా చేద్దామంటారు. ఒప్పుకోండి, 5 కిలోల కుక్క మత్తులో ఎక్కువసేపు ఉంటే ఒళ్లు చల్లబడుతుంది. నోట్లో కండలాంటిది ఏదైనా కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపించమని అడగండి, కుక్కల నోట్లో క్యాన్సర్ అరుదేమీ కాదు.

పళ్లు లేకపోతే ఏం తింటాడన్నారు. అసలు కుక్క మనలా నమిలి తినేది తక్కువ, కోసి మింగడమే ఎక్కువ. ఒక్క పన్నూ లేని కుక్కలు నా దగ్గరికి ఒళ్లు చేసి వస్తుంటాయి! 10 నుంచి 14 రోజులు మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు, ఎముకల్లేకుండా మెదిపిన చికెన్ పెట్టండి. గుడ్డ లాగే ఆటలు వద్దు. కింది కోరపళ్లు తీస్తే నాలుక కాస్త పక్కకు వేలాడొచ్చు, దానివల్ల ఇబ్బందేమీ లేదు. నొప్పికి డాక్టర్ ఇచ్చిన మందే వేయండి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ ఒక్క ముక్క కూడా వేయొద్దు. కడుపులో పుండు నుంచి కిడ్నీ, లివర్ దెబ్బతినడం దాకా తెచ్చిపెడతాయి.

ఈలోగా కన్ను మూసుకుపోయినా, రక్తం ఆగకపోయినా, దవడ వేలాడినా, పూర్తిగా తినడం మానేసినా ఆ రోజే తీసుకెళ్లండి.

కుక్కపిల్ల విషయానికొస్తే, ఇవాళే పెదవి ఎత్తి చూడండి. ఒకే చోట సన్న కోర, లావు కోర పక్కపక్కన కనిపిస్తే సన్నది ఊడని పాలపన్ను. ఆ సందులోనే పాచి చేరుతుంది. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ఆలోచన ఉంటే అదే మత్తులో దాన్నీ తీయించేయండి. రోజూ రాత్రి వేలికి గుడ్డ చుట్టి పళ్ల బయటివైపు రుద్దడంతో మొదలుపెట్టి, అలవాటయ్యాక మెత్తటి బ్రష్‌కు మారండి. పేస్టు కుక్కలకు అమ్మేదే వాడాలి. మన పేస్టును అది ఉమ్మలేదు, మింగుతుంది. వాటిలో కొన్నిట్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు విషం.

ఎముక నమిలితే పళ్లు శుభ్రపడతాయని మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. మటన్ నల్లి నమిలి ఆ మూడు వేర్ల పన్నే నిలువునా చీల్చుకున్న కుక్కల్ని చాలా చూశాను. బొటనవేలి గోరు గుచ్చితే దిగనిది ఏదైనా పంటికి మరీ గట్టిదే. ఆదివారం కాళ్ల దగ్గర చేరి అడిగితే, ఉల్లి, మసాలా పడకముందే పక్కకు తీసిన మెత్తటి ముక్క ఒకటి వేయండి.